రెండు వేళ్ళు ముందుకు

ఆదోని స్టేషన్ రోడ్డులో అబ్బాస్ అలీ షెడ్డు ఎక్కడుందని డెబ్బైల్లో ఎవరైనా అడిగి ఉంటే మనుషులు చెప్పక్కర్లేదు, స్టాండులో నిలబడ్డ గుర్రాలే తల తిప్పి చూపించేవి. ఊళ్ళో తిరిగే జట్కాల్లో సగానికి పైగా ఆ రేకుల షెడ్డులో పుట్టినవే. మిగతా సగం ఎక్కడో పుట్టి, ఎక్కడో విరిగి, చివరికి అక్కడికే చేరినవి. ఈ మాట అబ్బాస్ అలీయే చెప్పేవాడు. తన పని గురించి తాను చెప్పుకోవడానికి ఆయన ఏనాడూ మొహమాటపడలేదు.

మనిషి పొట్టి, చేతులు మాత్రం పొడవు. ఎడమకన్ను మూసి కుడికంటితో, గుర్రానికి అటూ ఇటూ ఉండే నొగల వెంట చూసి "నువ్వుగింజంత కుడికి పోయినాది" అన్నాడంటే పోయినట్టే. టేపు ముట్టుకునేవాడు కాదు. టేపు గుడ్డల షాపులో ఉండాల్సిన వస్తువని ఆయన లెక్క. జాన, మూర, వేలు, ఈ మూడింటితోనే బండ్లన్నీ కట్టాడు. ఆ కొలతలు తండ్రి మక్బూల్ నేర్పినవి. మక్బూల్ నేర్పిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. జట్కా తొట్టిని, అంటే మనుషులు కూర్చునే భాగాన్ని, ఇరుసు మీద సరిగ్గా నడుమ పెట్టకూడదు. రెండు వేళ్ళు ముందుకు జరిపి పెట్టాలి.

"ఎనక నలుగురు ఎక్కితే బండి ఎనక్కి ఒరుగుతాది. నొగలు పైకి లేసి గుర్రం పొట్టకింద పట్టీ బిగుసుకుంటాది. రెండు వేళ్ళు ముందుకుంటే గుర్రం ఊపిరి తీసుకుంటాది" అని చెప్పి, అప్పటికి పదకొండేళ్ళున్న కొడుకు వేళ్ళు పట్టుకుని ఇరుసు మీద ఆనించాడు మక్బూల్. ఆ తర్వాత ముప్పై ఏడేళ్ళపాటు ఆ రెండు వేళ్ళు ప్రతి బండి కిందా ఆనుతూనే వచ్చాయి.

ఈలోగా ఊళ్ళోకి ఆటోలు వచ్చాయి. మొదట మూడొచ్చాయి, వాటిని చూసి జట్కావాళ్ళు నవ్వారు. తర్వాత ముప్పై వచ్చాయి, ఇక నవ్వలేదు. ఎనభైనాలుగో సంవత్సరం వచ్చేసరికి స్టాండులో జట్కాలు పదకొండే మిగిలాయి. కొత్త బండి కట్టమని అడిగినవాడు లేక మూడేళ్ళయింది. అయినా అబ్బాస్ అలీ పొద్దున్నే షెడ్డు తెరిచేవాడు, ఊడ్చేవాడు, ఉలులకు పదును పెట్టేవాడు, మధ్యాహ్నానికి మళ్ళీ ఊడ్చేవాడు. వాడని ఉలికి అంత పదునెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అడగగలిగిన మనిషి ఒక్కతే. ఆయన భార్య హజరా బీ. ఖాళీ షెడ్డును రోజుకు రెండుసార్లు ఊడ్చే మొగుడిని మూడేళ్ళు చూసి ఆమె ప్రాణం విసిగిపోయింది. ఆమె తమ్ముడు మహమ్మద్ అలీ పత్తి మిల్లులో పనిచేస్తాడు. అతనికి చెప్పి గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం ఖాయం చేయించింది. మిల్లువాళ్ళు ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు కూడా ఇచ్చి పంపారు. హజరా బీ వాటిని మడత నలగకుండా ఇంట్లో మేకుకు తగిలించింది. అబ్బాస్ అలీ అన్నం తినడానికి ఎటు తిరిగి కూర్చున్నా ఆ చొక్కా కనిపించేది. ముద్ద దిగేది కాదు.

"కూసునే పనే కదా షమీమ్ అబ్బా. ఈడ కూసునేది ఆడ కూసుంటావు. అంతే" అంది హజరా బీ. పెళ్ళయి నంద్యాలకు వెళ్ళిపోయిన కూతురి పేరుతోనే ఆమె భర్తను పిలిచేది.

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నుంచి వీరేశం ఒక లారీలో దిగాడు. వీరేశం నేతపని ఇంట్లో పుట్టినవాడు. భార్య గిరిజమ్మ, తల్లి కస్తూరమ్మ మగ్గం నడుపుతుంటే, ఇతను వాళ్ళు నేసిన చీరలూ తువ్వాళ్ళూ మూటలు కట్టుకుని దేవనకొండ సంత, మద్దికెర సంత అంటూ తిరుగుతాడు. బస్సు పైకి మూట ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి నడుము పడిపోయింది. దాంతో సొంత బండి కావాలని పట్టుబట్టాడు. ఎవరో పడేసిన పాత హెరాల్డు కారు దొరికింది. దాని ఒళ్ళంతా తుప్పు తినేసింది గానీ కింద ఇనుప చట్రం, ఇంజను, చక్రాలు బాగానే ఉన్నాయి. పైన వేయడానికి బెంగుళూరులో మూతపడిపోతున్న ఒక షెడ్డులో ఫైబర్ బాడీ ఒకటి కనబడితే, దాన్ని లారీలో చీరల బేళ్ళ మీద కట్టి తెచ్చాడు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనకంతా మూటలకు చోటు. తలుపులు మాత్రం విడి, చక్రాల మీద కప్పే గూళ్ళతో సహా మిగతాదంతా ఒకే పోత. ఊరంతా వచ్చి చూసి దానికి 'తొట్టి' అని పేరు పెట్టింది. ఏడాదిపాటు అది ఎమ్మిగనూరు ఇంటి వెనక పడి ఉంటే గిరిజమ్మ కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి.

ఆదోనిలో ఏ మెకానిక్కూ దాన్ని ముట్టుకోలేదు. ఇనుమైతే సుత్తితో కొట్టి సరిచేస్తాం, వెల్డింగు పెడతాం, ఇది కొడితే పగులుతుంది, కాల్చితే మండుతుంది, మా వల్ల కాదన్నారు. ఆఖరికి ఎవరో ఎగతాళిగా, "తొట్టి కూర్చోబెట్టాలంటే తొట్ల సాయిబు దగ్గరికే పోవాల" అన్నారు. వీరేశం ఆ ఎగతాళిని నిజంగానే తీసుకుని వచ్చేశాడు.

అబ్బాస్ అలీ ఆ తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వేలితో తట్టాడు. చెవి ఆనించి మళ్ళీ తట్టాడు. ఆయన కళ్ళలో వెలుగు చూసి హజరా బీకి సంగతి అర్థమైంది. ఇక వద్దంటే మనిషి బతకడు. అందుకని వద్దనలేదు, షరతు పెట్టింది.

"బ్రేక్ ఇన్స్పెక్టరు వచ్చే నెల రెండో గురువారం వస్తాడంట. ఆయన బండి చూసి సరే అంటే నీ షెడ్డు నీది, నేను జన్మలో నోరెత్తను. కాదంటే శనివారం పొద్దున ఖాకీ తొడుక్కుని మిల్లుకు పో. మాటేనా?"

"మాటే" అన్నాడు అబ్బాస్ అలీ. గేటు పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే లారీలకు లేచి నిలబడటం ఆయన కళ్ళముందు కదిలింది. చావుకన్నా ఆ స్టూలుకే ఎక్కువ భయపడ్డాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పని నెలరోజులు సాగింది. తొట్టితోపాటు ఒక డబ్బా రెసిన్ జిగురు, దూదిలాంటి గాజు పీచు ఒక బస్తా వచ్చాయి. రెసిన్ కలపడం నేర్చుకోవడానికి ముందు ఇంట్లో పగిలిన నీళ్ళ తొట్టికి మాటేశాడు. తొట్టి నీళ్ళు కారకుండా నిలిచింది గానీ ఆ వాసనకు హజరా బీ రెండ్రోజులు పక్కింట్లో వంట చేసుకుంది. తర్వాత ఇనుప చట్రాన్ని గీకి, రంగు వేసి, నాలుగు రాతిదిమ్మల మీద మట్టంగా నిలబెట్టాడు. చట్రం నడిగీతకు, తొట్టి నడిగీతకు కన్ను పెట్టి చూశాడు. జుట్టువాసి తేడా లేదు. ముందూ వెనకా ఎక్కడ నిలపాలో చేత్తో చూసుకున్నాడు. ఎనిమిది బెజ్జాలు తొలిచి ఎనిమిది బోల్టులు బిగించాడు.

చిన్నచిన్న చిక్కులు రాకపోలేదు. స్టీరింగు కడ్డీ దాని బెజ్జంలో దూరలేదు. "బెంగుళూరోళ్ళు బెజ్జం తప్పు పెట్టినారు" అని ఆకురాయితో అరగదీసి దూర్చాడు. డ్రైవరు పక్క తలుపు మూయాలంటే భుజంతో తొయ్యాల్సి వచ్చింది. "బెంగుళూరోళ్ళు తలుపు పెద్దది సేసినారు" అన్నాడు. ఆ నెలలో బెంగుళూరువాళ్ళు తిన్న తిట్లకు వాళ్ళకు ఎక్కిళ్ళు ఆగి ఉండవు.

ఇన్స్పెక్టరు వచ్చే గురువారానికి రెండు రోజుల ముందు, మంగళవారంనాడు, వీరేశం వచ్చి వెనక మూడు వేరుశనగ బస్తాలు వేసుకుని బండి తీశాడు. అబ్బాస్ అలీ పక్కన కూర్చున్నాడు. స్టేషన్ రోడ్డు మీద బండి చక్కగా పోయింది. జట్కా స్టాండు ముందు అబ్బాస్ అలీ కావాలనే చెయ్యి బయటికి పెట్టాడు. రైల్వే గేటు దగ్గర పట్టాల మీద బండి ఎగిరి పడేసరికి వెనకనుంచి కీచుమని అరుపు, రబ్బరు కాలిన కంపు. దిగి చూస్తే వెనక టైర్లు రెండూ చక్రాల గూళ్ళ వెనక అంచును ఒరుసుకుంటున్నాయి. ముందు చక్రం తిప్పి చూస్తే అదీ అంతే.

వీరేశం ముఖం వాడిపోయింది. "ఎల్లుండే కదన్నా ఇన్స్పెక్టరు. ఈ నెల తప్పితే మళ్ళా ఎప్పుడొస్తాడో."

"భయపడాకప్పా. గూడు అచ్చులోనే తప్పు పోసినారు వాళ్ళు. అంచు నాలుగు వేళ్ళు కోసేస్తే సరిపోతాది" అన్నాడు అబ్బాస్ అలీ. గొంతు మాత్రం ఎప్పుడూ ఉన్నంత గట్టిగా లేదు.

బుధవారం పొద్దున పది గంటలకు ఆయన గూడు అంచు మీద సుద్దముక్కతో గీత గీసి, రంపం బ్లేడు పట్టుకుని కింద కూర్చున్నాడు. బ్లేడు ఆనించాడు గానీ లాగలేదు. ఎందుకో చెయ్యి ఆడలేదు. అప్పుడే బస్సు దిగి వీరేశం, అతని వెంట గిరిజమ్మ వచ్చారు. ఆమె రంగునూలు కొనడానికి ఆదోని వచ్చింది, పనిలోపనిగా తన కోళ్ళ గూడు ఏ గతి పట్టిందో చూద్దామని ఇటు వచ్చింది.

"అయ్యో, కోసేస్తాండావా అన్నా?" అంది గిరిజమ్మ గుమ్మంలోనే.

"తప్పు పోసినారమ్మా బెంగుళూరోళ్ళు."

"ఒకపక్కనా, రెండుపక్కలా?"

"రెండుపక్కలా."

గిరిజమ్మ సంచిలోంచి నూలు కండె తీసింది. కొత్త రంగుతో పోల్చి చూసుకోవడానికి ఇంటినుంచి తెచ్చుకున్న ఎర్రనూలు అది. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చక్రం నడుమ ఉన్న ఇరుసు మొననుంచి గూడు ముందు అంచుదాకా దారం లాగి ముడి వేసింది. అదే ఇరుసునుంచి గూడు వెనక అంచుదాకా లాగి ఇంకో ముడి వేసింది. రెండు ముడులూ ఒకచోట పడాలి, పడలేదు. రెంటి నడుమా ఎడం ఉంది. ఆ దారాన్నే పట్టుకుని బండి చుట్టూ తిరిగి అవతలి చక్రం దగ్గర కూర్చుని కొలిచింది. అక్కడా ముడులు సరిగ్గా ఆ జాగాల్లోనే తగిలాయి. ముందు చక్రాల దగ్గర కూడా వేరే దారంతో చూసింది. ఎడం మారలేదు.

"అన్నా, ఒక మాట సెప్తా, ఏమనుకోవద్దు" అంది. "దారం తెగితే గుడ్డలో తప్పు ఒకచోట పడతాది. ప్రతి చీరలోనూ అదే జాగాలో తప్పు పడితే మేం దారాన్ని తిట్టం. లేచి మగ్గాన్ని సూస్తాం. ఇది నాలుగు చక్రాలకాడా ఒకటే ఎడం. పోతలో తప్పయితే యాడో ఒకచోట ఎక్కువ, యాడో తక్కువ ఉండాల. తొట్టి మొత్తం ఒకే లెక్కన ముందుకొచ్చి కూసుంది."

"ఎంత ముందుకు?" అన్నాడు అబ్బాస్ అలీ.

ముందు ఎంత పెరిగిందో వెనక అంతే తగ్గింది కాబట్టి, గిరిజమ్మ రెండు ముడుల నడుమ ఉన్న దారాన్ని సగానికి మడిచింది. మడిచిన దారం ఆయన ముందు పట్టింది. "ఇంత."

అబ్బాస్ అలీ దాని పక్కన తన వేళ్ళు పెట్టాడు. చూపుడువేలు, మధ్యవేలు. దారం ఆ రెండు వేళ్ళ వెడల్పుకు సరిగ్గా సరిపోయింది. ఇటు మిగల్లేదు, అటు చాలకపోలేదు.

ఆయన రంపం బ్లేడు కింద పెట్టేశాడు.

"నేనే పెట్టినా" అన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాడు వీరేశం.

"గుర్రానికి."

వీరేశం షెడ్డు నాలుగు మూలలా చూశాడు. "ఏ గుర్రం?"

టీ గ్లాసులతో లోపలికి వస్తున్న హజరా బీ ఆ మాట విని ముందు పకపకా నవ్వింది. ఆమెకు ఆ రెండు వేళ్ళ సంగతి తెలుసు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మామగారు ఆమెకు కూడా చెప్పి చూపించాడు. నవ్వుతూ నవ్వుతూ భర్త ముఖం చూసి ఆగిపోయింది.

అబ్బాస్ అలీ సిగ్గుతో చితికిపోయాడు. చిన్న తప్పయితే ఓర్చుకునేవాడే. ఇది తప్పని కూడా తెలియకుండా చేశాడు. చట్రం మీద తొట్టిని నిలిపిన ఆ క్షణంలో ఆలోచించనేలేదు, చెయ్యి దానంతట అదే వెళ్ళి రెండు వేళ్ళు ఆనించింది. లేని గుర్రానికి ఊపిరి ఆడేలా చూసింది. ఆ తర్వాత నెలరోజులు ముఖం తెలియని బెంగుళూరువాళ్ళను తిట్టాడు, స్టీరింగు బెజ్జం అరగదీశాడు, నిక్షేపంలాంటి గూడును కోయడానికి కూర్చున్నాడు. ఈ చేతులకు గుర్రం తప్ప ఇంకేమీ తెలీదు, హజరా చెప్పిందే నిజం, స్టూలు మీద కూర్చోవడమే వీటికి తగిన పని అనుకున్నాడు.

"మేం రాకపోయి ఉంటే కోసేసి ఉంటివి కదన్నా!" వీరేశానికి నిజంగానే కోపం వచ్చింది. "ఏడాదినుంచి కంటికి రెప్పలా కాసుకున్నా దాన్ని. కోసినాక అతికేదుంటాదా? నిన్ను నమ్మి ఇచ్చినా."

"అను అప్పా. నువ్వనాల్సిందే" అన్నాడు అబ్బాస్ అలీ. "నా ఖర్మ. రేపు ఇన్స్పెక్టరుకు సూపించొద్దు. తొట్టి ఎత్తుకుపో. పాడు కాలేదు, బెజ్జాలు పూడ్చి ఇస్తా. బాగా తెలిసినోడెవడైనా సేస్తాడు."

"తెలిసినోడు ఎవడున్నాడు, తిరిగి తిరిగి ఈడికే వచ్చింటిమి" అని గిరిజమ్మ ఆయన మాటకు అడ్డం వచ్చింది. "తప్పు ఎంతో తెలిసిపోయా. ఎటుపక్కో తెలిసిపోయా. ఇంక ఎనక్కి జరిపేదే కదా. మగ్గం సరిజేసుకున్నోళ్ళు నేత మానుకుంటారా?"

హజరా బీ టీ గ్లాసులు గట్టు మీద పెట్టింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని గుమ్మం దాటి రోడ్డెక్కింది. ఖాకీబట్టలు తెచ్చి మేకుకు తగిలించిన మనిషి, మొగుడు ఓడిపోతే గెలిచేది తానే అయిన మనిషి, ఎండలో తిన్నగా జట్కా స్టాండుకు నడిచింది. పావుగంటలో తిరిగి వచ్చేసరికి ఆమె వెనక సోమప్ప, హనుమన్న, ఇంకా ఆరుగురు జట్కావాళ్ళు ఉన్నారు. వాళ్ళందరి బండ్లూ అబ్బాస్ అలీ కట్టినవే.

"ఏమప్పా, కారుకు గుర్రం కట్టినావంట!" అన్నాడు హనుమన్న వస్తూనే. షెడ్డు దద్దరిల్లేలా నవ్వారందరూ. అబ్బాస్ అలీకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, పైపంచెతో తుడుచుకున్నాడు.

"లే షమీమ్ అబ్బా. మాట రేపటిదాకా ఉండాది. ఈరోజు ఇంకా బుధవారమే" అంది హజరా బీ.

లేచాడు. బోల్టులు విప్పారు. నలుగురు అటు, నలుగురు ఇటు పట్టుకుని తొట్టిని పైకెత్తి పక్కన పెట్టారు. పాత బెజ్జాల్లో గాజు పీచు కుక్కి రెసిన్ పోశాడు. ఎండ మాడిపోతోంది కాబట్టి మధ్యాహ్నానికల్లా రాయిలా గట్టిపడింది. మళ్ళీ ఎత్తి చట్రం మీద పెట్టినప్పుడు అబ్బాస్ అలీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు సెప్పమ్మా" అన్నాడు గిరిజమ్మతో. ఆమె దారం పట్టుకుని, "ఇంకా ఎనక్కి... ఇంకొంచెం... ఆ, సాలు" అంటుంటే జట్కావాళ్ళు కొంచెం కొంచెంగా జరిపారు. నాలుగు చక్రాల దగ్గరా రెండు ముడులు ఒకదాని మీద ఒకటి పడేదాకా ఆమె ఒప్పుకోలేదు. స్టీరింగు కడ్డీ బెజ్జం నడుమకు వచ్చి నిలబడింది. బెంగుళూరువాళ్ళు ఏ తప్పూ చేయలేదు. అబ్బాస్ అలీ అటువైపు చూడలేక తల దించుకున్నాడు.

కొత్త బెజ్జాలు తొలిచి బోల్టులు బిగించాక ఇంకో చిక్కు మిగిలింది. ఏడాదిపాటు గోడకు ఒరిగి ఉండటంవల్ల తొట్టి కొద్దిగా మెలితిరిగింది. డ్రైవరు పక్క తలుపు కింద ఆనుతోంది, పైన సందు ఇస్తోంది. దీనికి దారం పనిచేయదు. గిరిజమ్మ అబ్బాస్ అలీ వైపు చూసింది.

ఆయన తలుపు తీసి మూశాడు. మళ్ళీ తీసి మూశాడు. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. తొట్టి కిర్రుమంటే ఏ మూలనుంచి కిర్రుమంటోందో చెవితో పట్టడం ఆయనకు కొత్త కాదు. జట్కా తొట్టి కింద కిర్రుమనకుండా తోలుముక్కలు పెట్టడం ఆయన వందలసార్లు చేసిన పని.

"హనుమన్నా, పాత తోలు పట్టీ ఏమైనా ఉండాదా?"

హనుమన్న స్టాండుకు పరుగెత్తి, నిరుడు చచ్చిపోయిన తన గుర్రం పొట్టపట్టీ తెచ్చాడు. పారేయడానికి మనసొప్పక దాచుకున్నది. అబ్బాస్ అలీ దాన్ని బిళ్ళలుగా కోశాడు. ఒక బోల్టు వదులుచేసి కింద ఒక బిళ్ళ, తలుపు మూసి వినడం. ఎదురుమూలన రెండు బిళ్ళలు, మళ్ళీ వినడం. ఒకటి తీసేసి, దాన్ని సగం మందానికి చెక్కి, మళ్ళీ పెట్టడం. చుట్టూ ఎనిమిది మంది జట్కావాళ్ళు మాట్లాడకుండా నిలబడ్డారు. సాయంత్రం నమాజుకు పిలుపు వినిపించే వేళకు తలుపును రెండు వేళ్ళతో నెట్టాడు. 'టక్' మని ఒక్క చిన్న చప్పుడుతో పడింది. రెండోపక్క తలుపు కూడా పడింది. ఇంకెక్కడా కిర్రు లేదు.

వీరేశం ముందుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున అన్న మాటల గురించి ఏదో చెప్పబోయాడు. "వద్దులే అప్పా" అన్నాడు అబ్బాస్ అలీ.

గురువారం మైదానంలో బ్రేక్ ఇన్స్పెక్టరు ముందు లారీలూ ట్రాక్టర్లూ వరసలో నిలబడ్డాయి. వాటి నడుమ ఈ గుండ్రటి తెల్లబండి నిలబడితే చూడటానికి జనం మూగారు. ఇన్స్పెక్టరు సన్నటి మనిషి, తక్కువ మాటలవాడు. వీరేశం తెచ్చుకున్న కాగితాలు చదివాడు. బండి చుట్టూ తిరిగాడు, కింద పడుకుని టార్చి వేసి చూశాడు. తర్వాత స్టీరింగు ముందు కూర్చుని, వెనక ఇద్దరిని ఎక్కించుకుని, ఎమ్మిగనూరు రోడ్డు మీదికి తీసుకుపోయాడు. అబ్బాస్ అలీ వేపచెట్టు కింద కూర్చోలేక, నిలబడలేక, అటూ ఇటూ తిరిగాడు. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఆయన ఆ ఖాకీ చొక్కాను కనీసం నాలుగుసార్లు మనసులోనే తొడుక్కుని విప్పాడు.

బండి తిరిగి వచ్చింది. రైల్వే గేటు దాటి వచ్చింది గానీ కంపు లేదు, కీచు లేదు.

"చేతులు వదిలేసినా తిన్నగా పోయింది" అన్నాడు ఇన్స్పెక్టరు దిగుతూ. "కింద బోల్టులకు తోలు పెట్టారు. అందరూ రబ్బరు పెడతారు. తోలెందుకు?"

"రబ్బరు నలిగిపోతాది సార్. తోలు కూసుంటాది" అన్నాడు అబ్బాస్ అలీ.

ఇన్స్పెక్టరు తల ఊపి బానెట్టు మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. "బాడీ కట్టినవాళ్ళ పేరు?"

వీరేశం చెప్పబోయి ఆగి, అబ్బాస్ అలీ వైపు చూశాడు. ఆయనకు ఊళ్ళో చాలా పేర్లున్నాయి. జట్కా సాయిబు, తొట్ల సాయిబు, ఒంటికన్ను అబ్బాస్. కాగితం మీద ఏది చెప్పాలో ఒక్క నిమిషం తోచలేదు.

"అబ్బాస్ అలీ. మక్బూల్ కొడుకు. ఆదోని" అన్నాడు.

ఆ పేరు రాయడం పూర్తయ్యేదాకా కలం వైపే చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం వీరేశం హజరా బీని ముందు సీట్లో కూర్చోబెట్టి స్టేషన్ రోడ్డు చివరిదాకా తిప్పాడు. ముప్పై ఏళ్ళుగా బండ్లు కట్టే ఇంట్లో ఉండి ఆమె తీరిగ్గా ఏ బండీ ఎక్కింది లేదు. అన్నీ ఎవరివో వాళ్ళు తోలుకుపోయేవే. దిగాక తలుపు తానే మూసింది. 'టక్' మన్న ఆ చప్పుడు బాగుందేమో, మళ్ళీ తీసి మళ్ళీ మూసింది.

"గుర్రం లేదని నవ్వినా గానీ, ఉండాది. కింద బోల్టులకాడ దాంకోనుండాది" అంది. అబ్బాస్ అలీ చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

శనివారం పొద్దున హజరా బీ ఖాకీ చొక్కా, ప్యాంటు మేకునుంచి తీసి, మడిచి, సంచిలో పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన మిల్లుకు నడిచి వెళ్ళి గేటు దగ్గర మహమ్మద్ అలీకి ఆ సంచి ఇచ్చేశాడు. గేటు పక్కన స్టూలు ఖాళీగా ఉంది. దాని వైపు ఒకసారి చూసి, గబగబా వెనక్కి వచ్చేశాడు.

షెడ్డు ముందు పై రేకంతా చిల్లులు పడిన ఒక జీపు ఆగి ఉంది. దాని పక్కన కోసిగి నుంచి వచ్చిన డ్రైవరు యేసేపు బీడీ కాలుస్తున్నాడు.

"ఫైబర్ తొట్లు కూసోబెట్టే అబ్బాస్ అలీ అంటే నువ్వేనా అన్నా?" అన్నాడు. "దీనికి కొత్త ఒళ్ళు కావాల. అయితాదా?"

అబ్బాస్ అలీ జీపు చుట్టూ తిరిగాడు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కుడిచెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళి, చూపుడువేలు, మధ్యవేలు ఇరుసు మీద ఆనాయి. ఆయన ఆ వేళ్ళను చూసుకున్నాడు. నవ్వి, వాటిని పిడికిట్లోకి ముడుచుకున్నాడు.

"హజరా, గిరిజమ్మ ఇచ్చిపోయిన ఎర్రదారం యాడ పెట్టినావు? తీసుకురా" అని ఇంట్లోకి కేకేశాడు.